ఒక లామా, ఒక ఏడాది ఉన్ని: ప్రాజెక్టు డైరీ

మే 11, 2024

ఒరెగాన్ రాష్ట్రంలో మేముంటున్న ఊరికి ఇరవై నిమిషాల దూరంలో ముప్పై గొర్రెలూ ఒక లామా ఉన్న చిన్న పొలం ఉంది. ఆ లామాకు ఈ రోజు ఉన్ని కత్తిరించారు. ఏటా ఆ ఉన్ని ఎరువు గుంతలోకి పోతుందని తెలిసి నేను అడగగా, యజమానురాలు మొత్తం మూటకట్టి ఇచ్చేశారు. ఒక జంతువు ఒక ఏడాదిలో పెంచిన ఉన్నిని మాత్రమే తీసుకుని, మిల్లుకు పంపకుండా ఇంట్లోనే శుభ్రం చేసి, వడికి, మా అమ్మకు కప్పుకునేందుకు ఒక గొంగడి నేయాలన్నది నేను పెట్టుకున్న పని. అమ్మ జూన్‌లో ఇక్కడికి వస్తుంది, అక్టోబరు మొదటి వారంలో తిరిగి వెళ్తుంది. నాకున్న గడువు అంతే.

మా తాత పాలమూరు జిల్లాలో గొర్రెల కాపరి. అక్కడ గొర్రె కాళ్లు కట్టి, పక్కకు పడుకోబెట్టి కత్తెర వేసేవారు. నూట యాభై కిలోల లామాతో ఆ పద్ధతి నడవదు. దాన్ని రెండు కడ్డీల మధ్య ఇరుకు సందులో నిలబెట్టి, తలకు తాడు కట్టి, మొదట నడుము చుట్టూ డోలు ఆకారంలోనూ ఆ తరువాత మెడ, తొడల మీదనూ కరెంటు కత్తెరతో కత్తిరించారు. చర్మానికి ఎండ దెబ్బ తగలకుండా ఒక అంగుళం మందాన వెంట్రుకను వదిలివేశారు. లామా ఉమ్ముతుందని అందరూ భయపెట్టారు గాని, అది ఎక్కువగా మేత దగ్గర సాటి లామాల మీద చేసే పని. మా మీద కోపాన్ని ఇది సన్నటి మూలుగుతోనే సరిపెట్టింది.

ఈ పొలంలో లామా ఉన్నది ఉన్ని కోసం కాదు, కాపలా కోసం. కాయోటీలనే అడవి కుక్కలు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయే ప్రాంతాల్లో, విత్తులు తీసిన మగ లామాను ఒక్కదాన్ని మందలో వదులుతారు. రెండు మూడు ఉంటే అవి తమలో తాము జట్టుకట్టి గొర్రెలను పట్టించుకోవు. ఒంటరిగా ఉన్నది మాత్రం గొర్రెల మందనే తన మంద అనుకుంటుంది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం వారు 1990ల తొలినాళ్లలో ఇలాంటి పొలాలను పరిశీలించినప్పుడు, గొర్రెల నష్టం సగటున 21 శాతం నుంచి 7 శాతానికి తగ్గినట్లు తేలింది.

రాత్రి ఫోనులో అమ్మకు ఈ సంగతి చెబితే, "లామాలంటే టిబెట్ల ఉండే సాములు గదా బిడ్డా, ఆళ్ల ఎంట్రుకలు నీకెందుకు?" అని అడిగింది. ఫొటో పంపిన తరువాత, "గొర్రెకు ఒంటె మెడ పెట్టినట్టున్నది" అని తీర్పు చెప్పింది. ఒంటె మాటలో తప్పేమీ లేదు. లామా ఒంటె కుటుంబానికి చెందినదే. ఆ కుటుంబం పుట్టింది కూడా ఉత్తర అమెరికాలోనే. అక్కడి నుంచి ఒక శాఖ ఆసియా వైపు వెళ్లి ఒంటె అయింది, మరొక శాఖ సుమారు ముప్పై లక్షల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాకు దిగింది.

మే 19

గ్యారేజీలో పాత దుప్పటి పరిచి ఉన్నిని విప్పాను. మొత్తం 2.4 కిలోలు తూగింది. అందులో వీపు, డొక్కల మీది ఉన్ని 1.3 కిలోలు, మెడ మీదిది 400 గ్రాములు, కాళ్లు, తోక, పొట్టల మీదిది 500 గ్రాములు. పల్లేరు కాయల వంటి ముళ్లూ పేడా చిక్కుకుని విడదీయరానిది 200 గ్రాములుంటే పారేశాను. వీపు, డొక్కల ఉన్ని ఒక్కటే గొంగడికి పనికొస్తుందనీ, మిగిలినదంతా చెత్తేననీ ఒక సంచిలో కుక్కి మూలన పెట్టాను.

వీపు మీది కుచ్చు ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తే రెండు రకాల పోగులు స్పష్టంగా కనిపిస్తాయి. లోపల పొట్టిగా, సన్నగా, పొగలాగా తేలిపోయే నూగు. దాన్ని చీల్చుకుంటూ పైకి వచ్చే పొడవైన, తిన్నని, బిరుసైన వెంట్రుక. లోపలి నూగు మందం సాధారణంగా 20 నుంచి 30 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటే, పైవెంట్రుక 60 మైక్రాన్లను కూడా దాటుతుంది. సుమారు 30 మైక్రాన్లు దాటిన పోగు చర్మానికి తగిలినప్పుడు వంగకుండా గుచ్చుకుంటుంది, దురద పుట్టేది అందుకే. ఆ పైవెంట్రుకను తీసివేయకపోతే ఈ ఉన్ని ఎంత మెత్తగా కనిపించినా మెడకు చుట్టుకోలేము.

లామాకు ఈ రెండు పొరలు ఎందుకున్నాయన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి, రెండూ దక్షిణ అమెరికాలోని అండీస్ పర్వతాల్లోనివే. మొదటిది పూర్వీకులకు సంబంధించినది. లామా గ్వానాకో అనే అడవి జంతువు సంతతి. గ్వానాకోకు చలినీ వానగాలినీ ఆపే రెండు పొరల కోటు సహజంగానే ఉంటుంది. పెరూలోని హునీన్ ఎత్తయిన మైదానంలో తెలార్మాచాయ్ అనే రాతి గుహలో దొరికిన ఎముకలను బట్టి, మనుషులు ఈ జంతువులను వేటాడటం మాని మచ్చిక చేసుకోవడం ఆరు వేల ఏళ్లకు పూర్వమే మొదలైందని పరిశోధకులు నిర్ణయించారు. లామాకు తోబుట్టువు వంటి అల్పాకా మాత్రం వికూన్యా అనే మరో అడవి జంతువు నుంచి వచ్చినదని 2001లో వెలువడిన జన్యు పరిశోధన చూపింది. అల్పాకాను ఉన్ని కోసం ఎంచి పెంచారు, లామాను ప్రధానంగా మూటలు మోయడానికి పెంచారు; కనుక దాని పైవెంట్రుకను వదిలించాలన్న పట్టుదల అంతగా ఉండి ఉండదని నేను ఇప్పటిదాకా అనుకున్నాను.

రెండవ సమాధానం ఆ ఊహను చాలావరకు తలకిందులు చేసింది. దక్షిణ పెరూలో ఎల్ యరాల్ అనే చోట ఇళ్ల నేల కింద పాతిపెట్టిన లామాలు, అల్పాకాలు ఎడారి పొడికి ఎండి, వెయ్యేళ్లుగా ఉన్నితో సహా చెడకుండా మిగిలాయి. జేన్ వీలర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆ ఉన్నిని కొలిచి 1995లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఆ కాలంలో పైవెంట్రుక దాదాపు లేని, పోగులన్నీ ఒకే మందంలో ఉన్న సన్నని ఉన్ని లామాలు ఉండేవి. అంటే ఇంకా సామ్రాజ్యానికి ముందే అక్కడి కాపరులు ఉన్నిని దృష్టిలో పెట్టుకుని లామాలను ఎంచి జతకట్టించారన్నమాట. 1532లో స్పెయిన్ వారు వచ్చిన తరువాత ఒక శతాబ్దం తిరిగేసరికి మందల్లో అత్యధిక భాగం నశించింది, కాపరులూ నశించారు, మంచి మేత భూములను గొర్రెలూ పశువులూ ఆక్రమించాయి. మిగిలిన జంతువులు ఎంపిక లేకుండా ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. నా గ్యారేజీలో పరిచి ఉన్న ఈ బిరుసు వెంట్రుక అడవి పూర్వీకుల ఆస్తి కొంత అయితే, ఆ పతనం మిగిల్చినది కొంత.

జూన్ 2

కడగడం మొదలుపెట్టి మొదటి రోజే 60 గ్రాములు పాడుచేశాను. గొర్రె ఉన్నిలో లానొలిన్ అనే జిడ్డు దండిగా ఉంటుంది, దాన్ని వదిలించడానికి చాలా వేడి నీళ్లూ సబ్బూ అవసరం. లామా ఉన్నిలో ఆ జిడ్డు దాదాపు ఉండదు. బదులుగా దుమ్ము ఉంటుంది. రోజుకొకసారైనా మట్టిలో దొర్లనిదే లామాకు తోచదు, ఆ మట్టంతా నూగు అడుగున పేరుకుంటుంది. నేను ఇది గమనించకుండా గొర్రె ఉన్నికి చెప్పిన పద్ధతినే పాటించి, మరిగేంత వేడి నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, వెంటనే చల్లని కుళాయి కింద పెట్టాను. పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఆ గుప్పెడు ఉన్ని అట్టముక్క అయింది.

రెండవసారి పద్ధతి మార్చాను. ముందు ఇనుప జల్లెడ మీద ఉన్నిని పరిచి, సన్నని కర్రతో తట్టి, దుమ్ము రాల్చాను. సగం పని అక్కడే అయిపోయింది. తరువాత చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపి, ఉన్నిని ముంచి, కదపకుండా ఇరవై నిమిషాలు వదిలేశాను. ఆ తరువాత అంతే వేడి ఉన్న మంచి నీళ్లలోకి రెండుసార్లు మార్చాను. మొదటి నీళ్లు టీ డికాక్షన్ రంగులో దిగాయి. నీడలో వల మీద ఆరబెడితే మరునాటికి ఆరింది. కడిగిన తరువాత అసలు రంగు బయటపడింది: ఎండిన చింతపండు ఛాయ, మధ్య మధ్య తెల్లని మచ్చ.

జూన్ 30

ఈ నెలంతా ఒక్కటే పని: నూగు నుంచి పైవెంట్రుకను వేరు చేయడం. మిల్లుల్లో ఇందుకు ప్రత్యేక యంత్రాలుంటాయి. నాకున్నవి వేళ్లు మాత్రమే. కుచ్చును మొదలు దగ్గర ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, పైకి పొడుచుకు వచ్చిన వెంట్రుకల కొసలను కుడి చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒడిసి ఒక్క గుంజు గుంజితే, వెంట్రుకలు బయటికి వస్తాయి, నూగు చేతిలో మిగులుతుంది. చూడడానికి సులువుగానే ఉంటుంది. కానీ గంటకు ఇరవై గ్రాములకు మించి తెమలలేదు.

అమ్మ పదో తేదీన వచ్చింది. విమానం అలసట తీరకముందే ఉన్ని చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసనే లేదేంది?" అని అడిగింది. గొర్రె ఉన్నికి ఉండే జిడ్డు వాసన దీనికి లేకపోవడం ఆమెకు నమ్మకం కలిగించలేదు. మూడో రోజుకు నా పక్కనే కూర్చుని నాకన్నా వేగంగా వెంట్రుక లాగడం మొదలుపెట్టింది. ఆమె కుచ్చును పట్టుకునే ముందు వేళ్లకు కాస్త బూడిద రాసుకుంటుంది. నాకు తట్టని ఉపాయం అది. జారిపోయే వెంట్రుకకు పట్టు దొరుకుతుంది.

నెలాఖరుకు లెక్క ఇలా ఉంది. 700 గ్రాముల ఉన్నిని విడదీశాము. నూగు 430 గ్రాములు, పైవెంట్రుక 150 గ్రాములు, మిగిలిన 120 గ్రాములు దుమ్మూ తుక్కూ. ఇంకా అయిదు వందల గ్రాముల పైచిలుకు ముట్టుకోకుండానే ఉంది. గొంగడి కాదని ఈ రోజు ఒప్పుకున్నాను. శాలువ మాత్రమే అవుతుంది. ఒక గొర్రె ఉన్నితో గొంగడి ఎక్కడైనా అవుతుందా అని అమ్మ ముందే అన్నది, నేను వినలేదు.

పైవెంట్రుకను నేను చెత్తబుట్టలో వేయబోతే అమ్మ ఆపింది. "మంచి బలమున్నదిరా, ఉండనీయి." అది విన్నప్పుడు నేను మొహమాటం కోసమే ఒక సంచిలో వేశాను.

జూలై 14

వడకడం. నూగును కార్డర్లనే పళ్ల పలకల మీద చేత్తో ఏకి, చిటికెన వేలంత ఏకులు చుట్టి, కదురు మీద వడుకుతున్నాము. నా కదురు ఇక్కడి దుకాణంలో కొన్నది. అండీస్‌లో కెచువా భాష మాట్లాడేవారు పుష్క అని పిలిచే కదురు కూడా దాదాపు ఇదే ఆకారం: సన్నని పుల్ల, కింది వైపున చెక్క బిళ్ళ. అక్కడి స్త్రీలు మంద వెంట కొండదారిన నడుస్తూనే దాన్ని తిప్పుతారు. మా తాత కూడా మంద వెంట నడుస్తూ కదురు తిప్పేవాడట. అమ్మ ఆ మాట చెప్పి, లేచి నిలబడి, వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ వడికి చూపించింది. రెండు గజాలు వడికిందో లేదో పోగు తెగి కదురు కింద పడింది. మూడుసార్లు అదే జరిగింది.

తప్పు ఆమె చేతిది కాదు. దక్కనీ గొర్రె ఉన్ని ముతకది, వంపులు తిరిగినది, పొలుసులు పైకి లేచినది; ఒక పోగు మరొకదాన్ని పట్టుకుంటుంది. లామా నూగులో వంపు తక్కువ, పొలుసులు అంతగా లేవవు, జిడ్డు లేదు. పట్టులాగా జారిపోతుంది. దీన్ని నిలబెట్టేది పురి ఒక్కటే. గొర్రె ఉన్నికి ఇచ్చే పురికి ఒకటిన్నర రెట్లు ఇచ్చి, బరువు తక్కువ కదురు వాడితే దారం తెగకుండా వచ్చింది. అమ్మకు ఇది అర్థమయ్యాక నడక మళ్లీ మొదలైంది. పక్కింటివారు కిటికీలోంచి చూస్తున్నారు.

ఈ నూగులో మరో గుణం కూడా ఉంది. చాలా పోగుల నడుమ గాలి నిండిన బోలు భాగం ఉంటుంది; అందుకే బరువుకు మించిన వెచ్చదనం ఇస్తుంది. అయితే వంపులు లేనందువల్ల సాగినది తిరిగి ముడుచుకోదు. అల్లితే స్వెటరు మోకాళ్ల దాకా జారుతుందని ఇక్కడి అల్లికవాళ్లు సరదాగా చెబుతారు. అల్లకుండా నేయాలని నేను తీసుకున్న నిర్ణయం ఇక్కడ కలిసివచ్చింది.

ఆగస్టు 4

రెండు పేటలుగా కలిపిన దారం 690 మీటర్లు పూర్తయింది. బరువు 280 గ్రాములు. మిగిలిన నూగు ఇంకా ఏకుల రూపంలోనే ఉంది. చిలపలు చుట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, కొద్దిగా బరువు కట్టి వేలాడదీశాను. ఆరిన తరువాత ఒక చిలపను అమ్మ మెడకు అరగంట చుట్టి ఉంచాను. ఒకటి రెండు చోట్ల గుచ్చుకుంటున్నదని చెప్పింది. వెతికితే, వదిలేసిన పైవెంట్రుకలే. ఏకేటప్పుడే వాటిని ఏరివేయవలసింది. దారంలో పురి పడ్డాక లాగితే దారం పాడవుతుంది. మిగిలిన ఏకులను ఈసారి కిటికీ వెలుతురులో ఒక్కొక్కటీ చూసి ఏరుతున్నాను.

తెల్ల మచ్చల నుంచి వచ్చిన 30 గ్రాముల దారాన్ని అంచుల కోసం రంగు వేశాను. పటికలో ఉడికించి, ఎండిన కొచినీల్ పురుగుల పొడితో కాచాను. నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఆ పురుగు అండీస్ నేతగాళ్లకు ఎర్ర రంగు ఇచ్చేది. తొలి చిలప దానిమ్మ గింజ రంగుకు తేలింది. నిమ్మరసం కొద్దిగా పిండిన రెండో చిలప నారింజ వైపు మళ్లింది. అమ్మ మొదటిదాన్నే ఎంచింది.

ఆగస్టు 25

మగ్గం చిన్నది, బల్ల మీద పెట్టుకునేది. పడుగు 160 పోగులు, ఒక్కొక్కటి రెండున్నర మీటర్లు. రోజంతా పోగులు ఎక్కించాను. సాయంత్రం మొదటి పేక వేద్దామని, పడుగు పోగులను ఎత్తే అచ్చును పైకి లేపితే పోగులు విడివడలేదు. దారం మీద లేచిన నూగు పక్క దారం నూగుతో చిక్కుకుని, ఎగువ దిగువ పడుగులు రెండూ కలిసి ఒక గుడ్డలాగా లేచాయి. బలవంతంగా విడదీస్తే నాలుగు పోగులు తెగాయి. పేక దారాన్ని మోసే నాడెను పక్కన పెట్టి రాత్రికి ఆపేశాను.

సెప్టెంబరు 8

ఆ చిక్కును విప్పింది గంజి. మా ఊళ్లో గొంగడికి చింతగింజల గంజి పట్టిస్తారు. అది ఆరాక గొంగడి బిర్రుగా నిలబడి వాననీటిని జారుస్తుంది. శాలువకు ఆ బిర్రుతనం అక్కర్లేదు గనుక అమ్మ పలుచని బియ్యపు గంజి కాచింది. పడుగును మగ్గం మీదే బిగించి ఉంచి, గంజిలో ముంచిన కుంచెను నేత సాగే దిశలోనే, ఒకే వైపు నడిపాము. లేచిన నూగు పడుకుంది. ఫ్యాను కింద రెండు గంటలు ఆరాక అచ్చు లేపితే పోగులు వేరువేరుగా లేచి, నాడె వెళ్లడానికి దారి ఏర్పడింది. నేసిన గుడ్డను చివర గోరువెచ్చని నీళ్లలో ఉతికితే గంజి పోతుంది, నూగు మళ్లీ లేస్తుంది.

ఈ వారాంతం 70 సెంటీమీటర్లు నేశాను. పొద్దున్నే కిటికీ పక్కన నేస్తుంటే చింతపండు రంగులోనే మూడు నాలుగు ఛాయలు బయటపడుతున్నాయి. ఇవి రంగు అద్దడంతో వచ్చేవి కావు. ఒకే జంతువు వీపూ డొక్కా వేరువేరు రంగుల్లో ఉన్నందువల్ల వచ్చాయి.

సెప్టెంబరు 22

మే నెలలో మూలన పడేసిన సంచిని ఈ రోజు బయటికి తీశాను. కారణం ఇదీ. అండీస్‌లో లామా పైవెంట్రుక వ్యర్థం కాదు, దాని పనే వేరు. ఎత్తయిన మైదానాల్లో ఆ బిరుసు వెంట్రుకతో తాళ్లు పేనుతారు, వడిసెలలు అల్లుతారు. ముతక ఉన్నితో బంగాళాదుంపలూ ఉప్పూ మోసే సంచులు నేస్తారు. లామా తన వీపు మీద మోసే మూట సంచీ, ఆ మూటను బిగించే తాడూ కూడా లామా వెంట్రుకవే. 1545లో ఇప్పటి బొలీవియాలోని పొటోసీ కొండలో వెండి బయటపడిన తరువాత ఆ ఖనిజాన్ని కొండ దించిన లామాల వరుసల మీద కూడా అలాంటి సంచులే ఉండేవి. నాలుగు నెలలుగా నేను ఈ ఉన్నిని మెత్తదనంతోనే తూచాను. బిరుసుగా ఉన్న ప్రతి పోగునూ లోపమనుకున్నాను. అమ్మ మొదటి వారంలోనే చెప్పిన మాటను అర్థం చేసుకోవడానికి నాకు సెప్టెంబరు దాకా పట్టింది.

విడదీసిన 150 గ్రాముల వెంట్రుకకు మెడ మీదిదీ కాళ్ల మీదిదీ కొంత కలిపి 450 గ్రాములు చేశాము. కడగలేదు, దుమ్ము దులిపామంతే. మందపాటి ఒంటిపేటను కుడి వైపు పురితో తిప్పి, రెండేసి పోగులను ఎడమ వైపు పురితో కలిపి, అలాంటి మూడు పేటలను మళ్లీ కుడి వైపు పురితో పేనితే తాడు వచ్చింది. ప్రతి దశలోనూ పురి దిశ మారకపోతే తాడు తనంతట తానే విప్పుకుంటుంది. ఒక కొసను గేటుకు కట్టి నేను పట్టుకుంటే, రెండో కొస దగ్గర అమ్మ కర్ర తిప్పింది. ఇలాంటి చోట్ల ఆమె నాకు సలహాలివ్వదు. నేను పట్టుకున్న పద్ధతి తప్పయితే తాడును తన చేతిలోకి తీసేసుకుంటుంది.

తాడు మూడు మీటర్లు, బొటనవేలి మందం. ఇద్దరం చెరో పక్కన పట్టుకుని వెనక్కు వాలితే తెగలేదు. చేతికి మాత్రం కొబ్బరి పీచులాగా గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకోవడమే ముడిని జారనివ్వడం లేదు. నైలాను తాడు మీద ఇదే ముడి రెండుసార్లు ఊడింది.

సెప్టెంబరు 29

తాడును పొలానికి తీసుకెళ్లాము. యజమానురాలు దాన్ని లామా తలకట్టుకు కట్టి, గేటు దాకా నడిపి తెచ్చారు. అది ఒకసారి వంగి తాడును వాసన చూసి, పై పెదవిలోని చీలికతో కొసను తడిమి, గొర్రెల వైపు తల తిప్పుకుంది. వచ్చే మే నెలలో కత్తిరింపుకు కబురు చేస్తాననీ, ఈసారి మెడ మీది ఉన్నిని వేరే సంచిలో వేయిస్తాననీ ఆవిడ చెప్పారు.

శాలువ 130 సెంటీమీటర్ల దగ్గర ఉంది. 180 కావాలి. అమ్మ విమానం వచ్చే ఆదివారం. రోజుకు పది సెంటీమీటర్ల చొప్పున నేస్తే శుక్రవారానికి మగ్గం మీంచి దిగుతుంది, ఉతికి ఆరబెట్టడానికి శనివారం ఒక్కటే మిగులుతుంది.